ఫోను వీడియోలో పెదవి ముందు, మాట వెనక: ఎడిటింగ్‌లో సాయం కావాలి

కొత్తకత్తెర

అందరికీ నమస్కారం. గంటసేపు సాగిన ఒక ముఖాముఖిని ఫోనుతో వీడియో తీశాను. మాటలు స్పష్టంగా రావాలని పక్కనే విడిగా ఒక ఆడియో రికార్డర్ కూడా పెట్టాను. రెండింటినీ కెడెన్‌లైవ్ అనే ఎడిటింగ్ ప్రోగ్రామ్ టైమ్‌లైన్ మీదికి తెచ్చి, మొదట్లో కొట్టిన చప్పట్ల దగ్గర కలిపాను. మొదటి పది నిమిషాలు చక్కగా ఉంది. పోనుపోను పెదవులు ముందు కదులుతున్నాయి, మాట తరవాత వస్తోంది. చివరికొచ్చేసరికి తేడా నాలుగు సెకన్ల దాకా ఉంది.

వింత ఏమిటంటే, అదే ఫైలును నేరుగా వీఎల్‌సీ ప్లేయర్‌లో ఆడిస్తే ఫోను పట్టిన గొంతు పెదవులతో సరిగ్గానే కలుస్తోంది. ఎడిటర్‌లోకి రాగానే చెడుతోంది. దీనికి తోడు, ఫోను తెర మీద నిండుగా కనిపించిన రంగులు ఇక్కడ బూడిద పూసినట్టు ఉన్నాయి. రెండూ ఒకే జబ్బా, వేరు వేరా?

ఒక్కక్లిక్

ఆడియో క్లిప్ పట్టుకుని నాలుగు సెకన్లు కుదించండి, అయిపోతుంది. రంగులకు సాచురేషన్, అంటే గాఢత, పెంచండి. ఇంత చిన్న పనికి పెద్ద చర్చ ఎందుకు?

తెరవెనుక

ఒక్కక్లిక్ గారూ, తేడా ఒకే పాళ్లలో పెరుగుతూ వచ్చిందని తెలిస్తే తప్ప ఆ కుదింపు పనిచేయదు. ఆ సంగతి ఇంకా మనకు తెలియదు.

కొత్తకత్తెర గారూ, ముందు మీడియాఇన్‌ఫో అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్‌లో ఆ వీడియో ఫైలు తెరవండి. అది ఫైలును ముట్టుకోదు, లోపల ఏముందో చదివి చూపిస్తుంది, అంతే. అందులో ఫ్రేమ్ రేట్ మోడ్ (ఫ్రేమ్ రేటంటే సెకనుకు ఎన్ని బొమ్మలని), సగటు, కనిష్ఠ, గరిష్ఠ ఫ్రేమ్ రేట్లు, బిట్ డెప్త్, కలర్ ప్రైమరీస్, ట్రాన్స్‌ఫర్ క్యారెక్టరిస్టిక్స్ అనే వరుసల ఎదురుగా ఏముందో చూసి ఇక్కడ రాయండి. ఆడియో శాంప్లింగ్ రేటు (శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలిచిందో) కూడా. రికార్డర్ ఫైలుకూ అదే చేయండి.

శబ్దవేధి

ఆ వివరాలు వచ్చేలోగా ఒక కొలత కూడా తీయండి. పావుగంట, అరగంట, ముప్పావుగంట, చివర: ఈ నాలుగు చోట్ల తేడా ఎంతుందో విడివిడిగా చూడండి. తేడా పెరిగే తీరును బట్టే సగం రోగం తెలిసిపోతుంది.

ఎలాగంటే, 44.1 కిలోహెర్ట్జ్‌లో రికార్డయిన శబ్దాన్ని ఎవరో 48 కిలోహెర్ట్జ్ అనుకుని ఆడిస్తే గంట నిడివి 55 నిమిషాల ఏడున్నర సెకన్లకు పడిపోతుంది, గొంతు కూడా సన్నబడుతుంది. అది మీ కేసు కాదు, ఉంటే మొదటి నిమిషంలోనే కనిపెట్టేవారు. 29.97 ఫ్రేముల వీడియోను 30 అనుకుని పరిస్తే గంటకు 3.6 సెకన్లు తేడా వస్తుంది, అదీ తిన్నగా, గీత గీసినట్టు పెరుగుతుంది: పావుగంటకు 0.9, అరగంటకు 1.8, ముప్పావుగంటకు 2.7. రెండు పరికరాల్లోని గడియారాలు కొద్దిగా అటూ ఇటూ నడవడం వల్ల వచ్చే తేడా అయితే గంటకు సెకనులో కొంత భాగమే ఉంటుంది. మీరు చెప్పిన నాలుగు సెకన్లు 3.6కి అనుమానం కలిగించేంత దగ్గరగా ఉన్నాయి. అందుకే కొలవమంటున్నాను.

కొత్తకత్తెర

ఇవిగో వివరాలు.

వీడియో: ఫ్రేమ్ రేట్ మోడ్ వేరియబుల్, అంటే మారుతూ ఉండేది. సగటు 29.967, కనిష్ఠం 20, గరిష్ఠం 30.3. హెచ్‌ఈవీసీ (హెచ్.265) కుదింపు, 10 బిట్లు. కలర్ ప్రైమరీస్ బీటీ.2020, ట్రాన్స్‌ఫర్ హెచ్‌ఎల్‌జీ. ఆడియో 48 కిలోహెర్ట్జ్. రికార్డర్ ఫైలు కూడా 48 కిలోహెర్ట్జే.

శబ్దవేధి గారు అడిగిన కొలతలు: పావుగంట దగ్గర దాదాపు ఏమీ లేదు. అరగంట దగ్గర అర సెకను. ముప్పావుగంటకు రెండు సెకన్లు. చివర నాలుగుకు కాస్త తక్కువ. రికార్డర్ ఆడియో తీసేసి ఫోను సొంత ఆడియో పెట్టి చూసినా టైమ్‌లైన్‌లో ఇదే వరస.

శబ్దవేధి

అయితే నా అనుమానం వీగిపోయింది. ఇది గీతలా పెరగలేదు, రెండో సగంలో వంగింది. ఫోను సొంత ఆడియోతోనూ వస్తోందంటే రికార్డర్ మీద నింద లేదు. ఇక ఇది తెరవెనుక గారి ఇలాకా.

ఒక ప్రశ్న: అరగంట తరవాత గదిలో వెలుతురు తగ్గిందా?

కొత్తకత్తెర

అవును! సాయంత్రం కావడంతో కిటికీ వెలుగు పోయింది, మధ్యలో దీపాలు వేశాం. అది మీకెలా తెలిసింది?

తెరవెనుక

ఫ్రేమ్ రేటు ఎక్కడ తగ్గిందో మీ కొలతలే చెప్పాయి. చాలా ఫోన్లు వెలుతురు చాలనప్పుడు ఒక్కో ఫ్రేముకు కాస్త ఎక్కువసేపు కాంతిని పట్టుకోవడానికి ఫ్రేముల వేగాన్ని తగ్గించుకుంటాయి. ప్రతి ఫ్రేము ఏ క్షణాన కనిపించాలో ఆ సమయం ఫైల్లో రాసి ఉంటుంది. వీఎల్‌సీ ఆ సమయాలను చూసి ఆడిస్తుంది కాబట్టి అక్కడ అంతా సవ్యంగానే ఉంటుంది. ఎడిటర్ టైమ్‌లైన్ మాత్రం సమానమైన గళ్ల పట్టీ. సెకనుకు 30 గళ్లు. సమయాన్ని లెక్కచేయకుండా ఫ్రేములను వరుసగా గళ్లలో నింపేస్తే, వీడియో నిజ సమయం కన్నా ముందే అయిపోతుంది.

మీ అంకెలే వేసి చూడండి. గంటకు 30 చొప్పున 1,08,000 ఫ్రేములుండాలి. సగటు 29.967 అంటే సుమారు 120 తక్కువ. 120 ఫ్రేములంటే సరిగ్గా నాలుగు సెకన్లు. పెదవి ముందు, మాట వెనక అని మీరన్నది కూడా ఈ దిశకే సరిపోతుంది.

ఒక్కక్లిక్ గారి పద్ధతిలో క్లిప్ మొత్తాన్ని ఒకే పాళ్లలో సాగదీసినా కుదించినా చివర కలుస్తుంది, మధ్యలో సెకనున్నర దాకా తేడా మిగులుతుంది. పైగా ఇక్కడ మాట వెనకబడడం లేదు, బొమ్మ పరిగెత్తుతోంది.

మందు: ఎడిటర్‌లోకి తేకముందే వీడియోను స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చుకోవాలి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత మార్పిడి ప్రోగ్రామ్‌లో ఫైలు తెరిచి, వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్ రేట్ 30 ఎంచుకుని, దాని కిందనే ఉండే కాన్‌స్టాంట్ అనే బొత్తం నొక్కండి. అప్పుడది ఖాళీ పడిన చోట ముందు ఫ్రేమునే మళ్లీ వేసి గళ్లు నింపుతుంది. ఎన్‌కోడర్‌గా (వీడియోను కుదించే భాగం) ఎక్స్265 పది బిట్ల రకం తీసుకోండి. ఎనిమిది బిట్ల దానికి వెళితే రంగుల మెట్లు తగ్గిపోయి మీ రెండో సమస్యకు చేజేతులా మూడోది చేర్చినట్టే. నాణ్యత మీటను 16 నుంచి 18 మధ్య ఉంచండి. ఇక్కడ అంకె తగ్గితే నాణ్యత పెరుగుతుంది, చాలామంది తిరగేసి అనుకుంటారు. ఆడియోకు పాస్‌త్రూ పెడితే అది చెక్కుచెదరకుండా వస్తుంది.

కమాండులతో నడిచే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అలవాటున్నవారు అదే పని ఒక వరుస కమాండుతో చేసుకోవచ్చు. కెడెన్‌లైవ్ కొత్త వెర్షన్లయితే ఇలాంటి క్లిప్ వేయగానే హెచ్చరించి, ఎడిటింగ్‌కు అనువైన రూపంలోకి మార్చనా అని అడుగుతాయి కూడా.

ఒక్కక్లిక్

సరే, ఒప్పుకున్నాను. కానీ రంగులకు సాచురేషన్ పెంచడంలో తప్పేముంది?

రంగులపెట్టె

తప్పుందండి, అదీ చిన్నది కాదు. ఇప్పుడు రంగుల సంగతి నాకు వదిలేయండి.

ఫోను ఈ వీడియోను హెచ్‌డీఆర్‌లో, అంటే వెలుగు నీడల మధ్య ఎక్కువ తేడాను పట్టే పద్ధతిలో, తీసింది. బీటీ.2020 అంటే చాలా విశాలమైన రంగుల పరిధి. హెచ్‌ఎల్‌జీ అంటే వెలుగు ఎంత ఉన్నదో అంకెల్లోకి మార్చే ఒక ప్రత్యేకమైన వంపు. మీ టైమ్‌లైన్, మీ తెర మామూలు బీటీ.709 లోకంలో ఉన్నాయి. ఆ విశాలమైన పరిధిలోని అంకెలను ఈ చిన్న పరిధి అంకెలుగా చదివితే ప్రతి రంగూ మధ్యకు జరిగి వెలవెలబోతుంది. రంగు ఎక్కడికీ పోలేదు, దాన్ని తప్పు కొలబద్దతో చదువుతున్నాం.

సాచురేషన్ పెంచితే ఏమవుతుందో ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. ముఖాల్లో ఎరుపు ముందుగా ఎగదన్నుతుంది. చర్మం నారింజ రంగుకు తిరుగుతుంది. కిటికీ దగ్గరి వెలుగు మాత్రం అలాగే చప్పగా ఉంటుంది, ఎందుకంటే అక్కడి లోపం రంగుది కాదు, వెలుగు వంపుది. చర్మం రంగు సరిచేయబోతే ఆకులు పోతాయి, ఆకులు పట్టుకుంటే చొక్కా మారుతుంది. దానికి అంతుండదు.

సరైన దారి రంగుల పరిధిని మార్చడం. డావించీ రిజాల్వ్ అనే ఎడిటర్ ఉచిత వెర్షన్‌లోనే కలర్ స్పేస్ ట్రాన్స్‌ఫార్మ్ అనే ఎఫెక్ట్ ఉంది. క్లిప్ మీద వేసి, ఇన్‌పుట్ దగ్గర రంగుల పరిధి రెక్.2020 (బీటీ.2020కే మరో పేరు), గామా (వెలుగు వంపు) రెక్.2100 హెచ్‌ఎల్‌జీ అని, ఔట్‌పుట్ దగ్గర రెక్.709, గామా 2.4 అని పెట్టండి. టోన్ మ్యాపింగ్ తీసేయవద్దు. తెరకు మించిన వెలుగులను సున్నితంగా లోపలికి మడిచేది అదే. ఆ తరవాత కూడా మీకు రంగు ఇంకాస్త కావాలనిపిస్తే అప్పుడు సాచురేషన్ పెంచుకోండి, నేను అడ్డుచెప్పను.

కొత్తకత్తెర

రంగులపెట్టె గారూ, నాది లినక్స్. రిజాల్వ్ వేసుకున్నాను కానీ ఈ ఫైలు తెరవనంటోంది. క్లిప్ కనిపిస్తుంది, బొమ్మ మాత్రం రాదు, శబ్దం కూడా లేదు.

తెరవెనుక

అది మీ కంప్యూటర్ తప్పు కాదు. లినక్స్ మీద రిజాల్వ్ ఉచిత వెర్షన్ హెచ్.264, హెచ్.265 వీడియోలను చదవదు. ఏఏసీ అనే కుదించిన శబ్దంతోనూ పేచీ. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ అనే ఎడిటింగ్ ఫార్మాట్‌లోకి మార్చి, శబ్దాన్ని కుదించని పీసీఎంగా పెట్టి, ఎంఓవీ డబ్బాలో వేస్తే తెరుచుకుంటుంది. డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్‌లో హెచ్‌క్యూఎక్స్ రకం ఎంచుకోండి. హెచ్‌క్యూ అన్నది ఎనిమిది బిట్లది. స్థిరమైన ఫ్రేమ్ రేటు పని కూడా ఇదే మార్పిడిలో పూర్తిచేసుకోవచ్చు, అప్పుడు హ్యాండ్‌బ్రేక్ అవసరం ఉండదు.

డిస్కులో జాగా మాత్రం చూసుకోండి. 1080 రిజల్యూషన్, 30 ఫ్రేముల దగ్గర అది సెకనుకు సుమారు 220 మెగాబిట్లు మింగుతుంది. గంటకు ఇంచుమించు 100 గిగాబైట్లు.

ఒక్కక్లిక్

వంద గిగాబైట్లా! ఒక ముఖాముఖికి!

తెరవెనుక

పని పూర్తయ్యాక చెరిపేయవచ్చు. అసలు ఫైలు ఉంటుంది కదా. పైగా దీనితో ఎడిటింగ్ నడక కూడా తేలికవుతుంది. హెచ్‌ఈవీసీలో ఒక పూర్తి ఫ్రేము, దాని వెనక బోలెడన్ని తేడాలు మాత్రమే ఉంటాయి. మీరు టైమ్‌లైన్ మీద ఎక్కడో మధ్యలో నొక్కితే, ఆ ఒక్క ఫ్రేము చూపించడానికి కంప్యూటర్ వెనక్కి వెళ్లి పూర్తి ఫ్రేము పట్టుకుని అక్కడినుంచి లెక్క కట్టుకుంటూ రావాలి. డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్‌లో ప్రతి ఫ్రేమూ పూర్తిదే. జాగా లేనివారు ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ వరకే వాడే చిన్న నకళ్లు, వాడుకోవచ్చు. షాట్‌కట్, కెడెన్‌లైవ్, రిజాల్వ్ అన్నింట్లోనూ ఆ సదుపాయం ఉంది.

ఫొటోసంచి

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. నాది వీడియో కాదు, ఫొటోలు. ఒక ఫొల్డరు నిండా జేపెగ్‌లున్నాయి. కొన్ని నా కంప్యూటర్‌లో నిటారుగా, పంపినవాళ్ల దగ్గర అడ్డంగా కనిపిస్తున్నాయి. తిప్పి సేవ్ చేసి పంపితే ఇంకొకరి దగ్గర తలకిందులవుతున్నాయట. ఇంకొన్ని బ్రౌజర్‌లో పెట్టగానే రంగు తగ్గుతున్నాయి. పైన చెప్పిన హెచ్‌డీఆర్ గొడవేనా ఇది కూడా?

రంగులపెట్టె

రెండో దానికి చుట్టరికం ఉంది, మొదటిదానికి లేదు.

అడ్డంగా కనిపించడం ఫొటో ఫైల్లోనే ఉండే ఎగ్జిఫ్ అనే సమాచారం వల్ల. ఫొటో తీసినప్పుడు మీరు ఫోనును ఎటు పట్టుకున్నా సెన్సర్ తన అడ్డం నిలువుల ప్రకారమే రాసుకుని, దీన్ని చూపించేటప్పుడు ఇలా తిప్పాలి అని ఒక అంకె పక్కన పెడుతుంది. ఒకటి నుంచి ఎనిమిది వరకు ఉంటాయి. ఒకటి అంటే ఉన్నదున్నట్టు, ఆరు అంటే గడియారం ముల్లు దిశలో తొంభై డిగ్రీలు తిప్పి చూపు అని. ఆ అంకెను పట్టించుకునే యాప్‌లో నిటారుగా, పట్టించుకోని దానిలో అడ్డంగా కనిపిస్తుంది. మీరు తిప్పి సేవ్ చేసినప్పుడు మీ ప్రోగ్రామ్ పిక్సెళ్లను తిప్పి, పాత అంకెను అలాగే వదిలేసి ఉంటుంది. అందుకే మళ్లీ తిరుగుతోంది. ఎగ్జిఫ్‌టూల్‌తో ఒక ఫొటో చదివి ఓరియెంటేషన్ దగ్గర ఏముందో చూడండి.

పిక్సెళ్లను నిజంగా తిప్పి అంకెను ఒకటిగా మార్చడమే శాశ్వత పరిష్కారం. జేపెగ్‌ట్రాన్ అనే సాధనం ఫొటోను విప్పి మళ్లీ కుదించకుండానే తిప్పుతుంది కాబట్టి నాణ్యత ఏమాత్రం పోదు. ఒక షరతు: జేపెగ్ బొమ్మను చిన్న చతురస్రాలుగా కోసి దాస్తుంది. వెడల్పు, ఎత్తు ఎనిమిదితోనో పదహారుతోనో నిశ్శేషంగా భాగించబడకపోతే అంచున ఒక సన్నని చార తేడాగా మిగులుతుంది. ఫోను ఫొటోల కొలతలు కొన్ని పదహారుతో భాగించబడతాయి, కొన్ని భాగించబడవు; కత్తిరించిన ఫొటోల్లో మరీ చూసుకోవాలి.

రంగు తగ్గడం గురించి: ఆ ఫొటోలు అడోబీ ఆర్‌జీబీ లేదా డిస్‌ప్లే పీ3 అనే విశాలమైన రంగుల పరిధిలో ఉండి, ఆ పరిధి ఏదో చెప్పే ప్రొఫైల్ ఫైలు నుంచి ఊడిపోయి ఉంటుంది. ప్రొఫైల్ లేని బొమ్మను బ్రౌజర్ మామూలు ఎస్ఆర్‌జీబీ పరిధిది అనుకుంటుంది. జింప్ అనే ఫొటో ఎడిటర్‌లో రెండు రకాల ఆదేశాలుంటాయి, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. అసైన్ అంటే అంకెలను అలాగే ఉంచి ఇవి ఫలానా పరిధివి అని చీటీ అతికించడం. కన్వర్ట్ అంటే కంటికి కనిపించే రంగు అలాగే ఉండేలా అంకెలనే మార్చడం. చీటీ ఊడిన ఫొటోకు ముందు దాని నిజమైన ప్రొఫైల్‌ను అసైన్ చేసి, తరవాత ఎస్ఆర్‌జీబీకి కన్వర్ట్ చేయాలి. వరుస తప్పితే రంగు రాదు.

ఫొటోసంచి

అద్భుతం. ఓరియెంటేషన్ దగ్గర ఆరు అనే ఉంది. జేపెగ్‌ట్రాన్‌తో తిప్పాను, ఎగ్జిఫ్‌టూల్‌తో అంకె ఒకటి చేశాను. ఇప్పుడు పంపిన ప్రతిచోటా నిటారుగా ఉంది.

ఇంకొక్కటే. అందులో ఒక పాత గ్రూపు ఫొటో ఉంది. ముఖాలు చాలా చిన్నవి, మసకగా ఉన్నాయి. కృత్రిమ మేధతో స్పష్టం చేసే సాధనాలు వాడవచ్చా?

ఒక్కక్లిక్

దీనికి మాత్రం నా మాట వినండి. ఒక్క నొక్కుతో కళ్లు, రెప్పలు అన్నీ వచ్చేస్తాయి. నేను వాడుతూనే ఉంటాను.

పాతటేపు

వస్తాయి, ఎవరివి వస్తాయన్నదే ప్రశ్న. ముప్పై పిక్సెళ్ల ముఖంలో కనురెప్ప గురించిన సమాచారమే లేదు. లేనిదాన్ని ఆ సాధనం తాను చూసిన లక్షల ముఖాల సగటు నుంచి గీస్తుంది. ఫలితం చక్కగా ఉంటుంది, ఆ మనిషిలా మాత్రం ఉండకపోవచ్చు. గోడ, చీర అంచు, చెట్టు లాంటివాటికి వాడుకోండి, ఎవరికీ నష్టం లేదు. ముఖాల దగ్గర మాత్రం నాకు నచ్చదు. మరీ కావాలంటే జింప్‌లో స్పష్టం చేసిన దాన్ని పై లేయర్‌గా వేసి, పారదర్శకత పెంచి, అసలు ముఖం కింద నుంచి కనిపించేలా ఉంచండి. లేదా ముఖాలను మాస్కుతో (మార్పు తాకకుండా కప్పే ముసుగు) వదిలేయండి.

ఒక్కక్లిక్

చూసేవాళ్లకు బాగుంటే చాలదా?

పాతటేపు

ఆ ఫొటోలోని మనిషిని ఎరిగినవాళ్లు చూస్తే చాలదు. ఎవరని అడుగుతారు.

సరే, నా సమస్య కూడా ఇక్కడే పెడతాను. పాత టేపులను కంప్యూటర్‌లోకి ఎక్కించాను. 720 బై 576, 25 ఫ్రేములు. కదలిక ఉన్నచోటల్లా దువ్వెన పళ్లలా అడ్డగీతలు కనిపిస్తున్నాయి. మనుషులు కూడా కాస్త సన్నగా, పొడుగ్గా ఉన్నారు. యాడిఫ్ ఫిల్టర్ వేస్తే గీతలు పోయాయి కానీ కదలిక కుదుపులుగా ఉంది.

తెరవెనుక

ఇంటర్లేసింగ్. ఆ టేపులో ప్రతి ఫ్రేములో రెండు వేర్వేరు క్షణాలు ఒకదాని సందుల్లో ఒకటి అల్లి ఉంటాయి: సరి గీతలు ఒక క్షణానివి, బేసి గీతలు ఆ తరవాతి క్షణానివి. ఒక్కో క్షణపు గీతలను ఫీల్డు అంటారు. అంటే సెకనుకు 25 కాదు, 50 క్షణాలు. యాడిఫ్‌ను మామూలుగా వేస్తే ఫ్రేముకు ఒకటే ఉంచి సగం కదలికను పారేస్తుంది. దాన్నే ఫీల్డుకు ఒక ఫ్రేము ఇచ్చే పద్ధతిలో పెట్టి 50 ఫ్రేముల వీడియో చేయండి, కుదుపు పోతుంది. బీడబ్ల్యుడిఫ్ అనే ఫిల్టర్ ఇంకాస్త శుభ్రంగా చేస్తుంది. ఓపిక ఉండి వేపర్‌సింత్ అనే స్క్రిప్టుల ప్రోగ్రామ్ నేర్చుకోగలిగితే అందులో నడిచే క్యూటీజీఎంసీని మించింది లేదు, కాకపోతే అది నత్తనడక.

కదలిక ముందుకూ వెనక్కూ వణికినట్టు కనిపిస్తే ఫీల్డుల వరుస తిరగబడిందని అర్థం. డీవీ టేపయితే కింది ఫీల్డు ముందు.

ఒక హెచ్చరిక: ఈ పని చేయకముందు నిలువు పరిమాణాన్ని మార్చవద్దు. మారిస్తే ఆ పళ్లు పక్క గీతల్లోకి పాకి బొమ్మలోనే గడ్డకడతాయి, ఇక ఏ ఫిల్టరూ తీయలేదు. మనుషులు సన్నబడింది పిక్సెళ్లు చతురస్రాలు కానందువల్ల. 4:3 వీడియో అయితే గీతలు పోయాక 768 బై 576 చేయండి.

పాతటేపు

అదే చేశాను. 50 ఫ్రేములకు మార్చగానే నడక నీళ్లలా సాగుతోంది. మనుషులు కూడా మనుషుల్లా ఉన్నారు.

నిర్వాహకులు

చర్చ మూడు దారులు పట్టింది కానీ అన్నీ పనికొచ్చేవే కాబట్టి విడదీయడం లేదు. కొత్తకత్తెర గారూ, మీ పని ఎంతవరకు వచ్చింది?

కొత్తకత్తెర

మార్పిడి అయింది. రంగులు నిజంగానే వెనక్కి వచ్చాయి, సాచురేషన్ ముట్టుకోనే లేదు. ఫోను ఆడియో మొదటినుంచి చివరిదాకా పెదవులతో కలుస్తోంది. రికార్డర్ ఆడియో మాత్రం చివరికి చాలా కొద్దిగా, ఐదు ఫ్రేముల దాకా ముందుకు వస్తోంది. ఇది మళ్లీ ఫ్రేమ్ రేటేనా?

ఇంకొకటి. దీపాలు వేసిన తరవాతి భాగంలో గోడ మీద నల్లటి పట్టీలు మెల్లగా పైకి పాకుతున్నాయి.

శబ్దవేధి

కాదు, ఇప్పుడు మిగిలింది రెండు గడియారాల తగాదా. ఐదు ఫ్రేములంటే సుమారు 167 మిల్లీసెకన్లు. గంట మీద అది లక్షలో ఐదు పాళ్ల కన్నా తక్కువ. మామూలు పరికరాలకు అంత తేడా సహజం.

సాగదీయనక్కర్లేదు. ప్రశ్నకూ జవాబుకూ మధ్య మౌనం ఉన్నచోట ఆడియోను కోసి ఒక్క ఫ్రేము వెనక్కి, అంటే అంత ఆలస్యంగా వినిపించేలా, జరపండి. గంటలో నాలుగైదు చోట్ల చేస్తే చాలు. కోత పడినచోట రెండు ముక్కలను కాస్త ఒకదానిమీద ఒకటి ఎక్కించి క్రాస్‌ఫేడ్ ఇవ్వండి, లేకపోతే గది తాలూకు హోరు టక్కున తెగినట్టు వినిపిస్తుంది.

శబ్దం ముందుకు రావడాన్ని చెవి త్వరగా పట్టేస్తుందని గుర్తుంచుకోండి. ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ఇచ్చిన సిఫార్సు ప్రకారం శబ్దం 45 మిల్లీసెకన్లు ముందుంటేనే మనిషి గమనిస్తాడు. వెనకబడితే 125 దాకా గమనించడు. కాబట్టి ఎటు జరపాలో సందేహం వస్తే వెనక్కే జరపండి.

రంగులపెట్టె

పట్టీల సంగతి చెడ్డ వార్తే. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట చవకరకం దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షటర్ (ఒక్కో ఫ్రేము కాంతిని పట్టే సమయం) సెకనులో యాభయ్యో వంతో వందో వంతో ఉంటే ఆ మినుకు ప్రతి ఫ్రేములోనూ సమానంగా పడుతుంది. 60 హెర్ట్జ్ ఉన్నచోట అరవయ్యో వంతు, నూట ఇరవయ్యో వంతు. మీ ఫోను తనంతట తాను ఇంకేదో ఎంచుకుంది.

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో డీఫ్లికర్ ఉంది కానీ అది ఫ్రేము మొత్తం వెలుగు హెచ్చుతగ్గులను సరిచేసేది, పాకే పట్టీలను కాదు. రిజాల్వ్‌లోని డీఫ్లికర్ డబ్బు కట్టే వెర్షన్‌లోనే ఉంటుంది. మీ కెమెరా స్టాండు మీద కదలకుండా ఉందా? ఉంటే ఒక దారి ఉంది. గోడ ఖాళీగా, పట్టీ లేకుండా ఉన్న ఒక ఫ్రేమును నిశ్చల చిత్రంగా తీసి, పై లేయర్‌లో పెట్టి, మనుషులున్న భాగాన్ని అంచులు మెత్తబరిచిన మాస్కుతో తెరిచి ఉంచండి. గోడ నిశ్చల చిత్రం, మనుషులు కదిలే చిత్రం అవుతారు. చేతులు మాస్కు దాటే చోట్ల మాత్రం మాస్కును జరుపుకుంటూ పోవాలి.

కొత్తకత్తెర

స్టాండు మీదే ఉంది. మాస్కు వేశాను, గోడ శుభ్రపడింది. ఒకరి చొక్కా మీద కాస్త పట్టీ కనిపిస్తోంది, దాన్ని వదిలేస్తున్నాను.

చివరి ప్రశ్న. పంపాల్సిన చోట ఫైలు ఒక గిగాబైటు మించకూడదన్నారు. నాణ్యత మీట ఎటు జరిపినా ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వస్తోంది.

తెరవెనుక

ఆ మీట నాణ్యతను పట్టి ఉంచుతుంది, పరిమాణాన్ని కాదు. పరిమాణం ముఖ్యమైనప్పుడు బిట్‌రేటు (సెకనుకు ఎన్ని బిట్లు) మీరే ఇచ్చి రెండు పాస్‌లలో రెండర్ చేయాలి. మొదటి పాస్‌లో ఎక్కడ కదలిక ఎక్కువో చూసుకుంటుంది, రెండో పాస్‌లో బిట్లను ఆ ప్రకారం పంచుతుంది.

ఒక గిగాబైటు అంటే 8,000 మెగాబిట్లు. 3,600 సెకన్లతో భాగిస్తే సెకనుకు 2.2 మెగాబిట్లు. అందులో శబ్దానికి 128 కిలోబిట్లు తీసి, డబ్బా బరువుకు కాస్త వదిలి, వీడియోకు 2,000 కిలోబిట్లు ఇవ్వండి. కూర్చుని మాట్లాడే దృశ్యం కాబట్టి 1080లో కూడా ఫరవాలేదు. చొక్కా గళ్లదయితే 720కి దించండి, గళ్లు బిట్లను తినేస్తాయి.

కొత్తకత్తెర

గళ్ల చొక్కానే! 720కి దించి రెండు పాస్‌లలో చేశాను. 960 మెగాబైట్లు వచ్చింది, వాళ్లు తీసుకున్నారు. అందరికీ ధన్యవాదాలు.